గురక, నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉన్నవారికి ఆపరేషన్‌: మత్తుకు ముందూ తరువాతా ఏం చేయాలి

ఆపరేషన్‌ తేదీ ఖాయమయ్యాక ఫిట్‌నెస్‌ కోసం మత్తు డాక్టరు దగ్గరకు వచ్చేవారిలో చాలామంది బీపీ, షుగరు, గుండె గురించి విడమరిచి చెబుతారు కానీ గురక మాట ఎత్తరు. గురకను జబ్బుగా లెక్కించే అలవాటు మనకు లేదు. తిరుపతిలో మత్తు వైద్యం చేస్తున్న నేను, చిత్తూరు, పలమనేరు, పుత్తూరు వైపుల నుంచి వచ్చే కుటుంబాలు పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులన్నిటినీ ఒకచోట చేర్చి ఈ మార్గదర్శిని రాస్తున్నాను. ఇది రోగి కోసమూ, ఆసుపత్రిలో రోగికి తోడుండే మనిషి కోసమూ రాసినది. మందుల మోతాదులూ తుది నిర్ణయమూ మీ డాక్టరువే.

ముందుగా ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. మెలకువగా ఉన్నప్పుడు గొంతు కండరాలు శ్వాసమార్గాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి వదులవుతాయి. స్లీప్‌ ఆప్నియా, అంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉన్నవారిలో నాలుక, అంగిటి మెత్తటి భాగం వెనక్కి జారి దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, కొందరిలో అర నిమిషం పైగా గాలి లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్‌ తగ్గి, కార్బన్‌ డయాక్సైడ్‌ పెరిగేసరికి మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం లేపుతుంది. గుర్రుమనే పెద్ద శబ్దంతో శ్వాస తిరిగి మొదలవుతుంది. మత్తుమందులూ, మార్ఫిన్‌ జాతి నొప్పి మందులూ గొంతును ఇంకా వదులు చేయడమే కాక, లేపవలసిన మెదడును కూడా జోకొడతాయి. థియేటర్లో మనిషి పక్కన మేం అనుక్షణం ఉంటాం. వార్డులో అర్ధరాత్రి రెండు గంటలకు అలా ఎవరూ ఉండకపోవచ్చు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ వేళను దృష్టిలో పెట్టుకుని చెప్పినవే.

1. ఇంట్లోనే గుర్తించండి

మత్తు డాక్టర్లు వాడే స్టాప్‌-బ్యాంగ్‌ అనే ప్రశ్నావళిలో ఎనిమిది ప్రశ్నలున్నాయి. ‘అవును’ అనే ప్రతి జవాబుకూ ఒక మార్కు. దర్జీ టేపు, బరువు తూచే మిషను ఉంటే ఇంట్లోనే వేసుకోవచ్చు.

- మూసిన తలుపు అవతలికి వినిపించేంత గట్టిగా గురక వస్తుందా?
- పగటిపూట అలసట, కునికిపాట్లు తరచుగా ఉంటాయా?
- నిద్రలో శ్వాస ఆగడం గానీ, ఉక్కిరిబిక్కిరై లేవడం గానీ ఎవరైనా చూశారా?
- బీపీ ఉందా, లేక బీపీకి మందులు వాడుతున్నారా?
- బాడీ మాస్‌ ఇండెక్స్‌ (కిలోల బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 35 దాటిందా? 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి ఇది దాదాపు 95 కిలోలు.
- వయసు 50 దాటిందా?
- మెడ చుట్టుకొలత మగవారికి 43 సెంటీమీటర్లు, ఆడవారికి 41 సెంటీమీటర్లు లేక అంతకు మించి ఉందా?
- రోగి పురుషుడా?

రెండు మార్కుల వరకు ముప్పు తక్కువ. మూడు, నాలుగు అయితే మధ్యస్థం. ఐదు లేక అంతకు మించితే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ.

మూడో ప్రశ్నకు రోగి జవాబు చెప్పలేడు, ఆ సమయంలో నిద్రలో ఉంటాడు కాబట్టి. ‘‘నాకేం గురక రాదు సార్‌’’ అని ఆయన అంటుంటే, వెనక నిలబడిన భార్య ‘‘గురక పెడతా పెడతా ఒక్కసారిగా నిలిచిపోతుంది సార్‌, నేను తట్టి లేపితే మళ్ళా మొదలవుతుంది’’ అని చెప్పిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని. ఆ ఒక్క మాట పది రక్తపరీక్షల కంటే విలువైనది. అందుచేత ఫిట్‌నెస్‌కు వచ్చేటప్పుడు రోగి పక్కన పడుకునే మనిషిని తప్పకుండా వెంట తీసుకురండి. వారు రాలేకపోతే, రాత్రి నిద్రపోతున్నప్పుడు ఫోనులో రెండు మూడు నిమిషాల వీడియో తీసి చూపించండి.

2. మత్తు డాక్టరును ముందుగానే కలవండి

తొందరలేని ఆపరేషన్‌ అయితే కనీసం రెండు మూడు వారాల ముందు కలవడం మంచిది. ముందురోజు సాయంత్రం కలిస్తే పరీక్షలకు గానీ చికిత్సకు గానీ వ్యవధి ఉండదు.

రాత్రి నిద్రలో శ్వాసనూ ఆక్సిజన్‌నూ కొలిచే నిద్ర పరీక్షలో ఏ.హెచ్‌.ఐ. అనే అంకె వస్తుంది. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో, లేక బాగా తగ్గిందో అది చెబుతుంది. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

నిద్ర పరీక్ష చేయించనిదే ఆపరేషన్‌ చేయకూడదా అని చాలామంది అడుగుతారు. అలాంటి నియమమేమీ లేదు. మార్కులు ఎక్కువగా ఉన్నా బీపీ, గుండె, ఊపిరితిత్తులు అదుపులో ఉంటే, జబ్బు ఉన్నట్టే భావించి అన్ని జాగ్రత్తలతో ఆపరేషన్‌ చేయవచ్చు. అయితే కూర్చున్నా ఆక్సిజన్‌ తక్కువగా ఉండడం, కాళ్ళ వాపులతో ఆయాసం ఉండడం, రక్తంలో బైకార్బొనేట్‌ 28 లేక అంతకు మించి ఉండడం గమనించినప్పుడు మేం ఆగుతాం. ఆ బైకార్బొనేట్‌ అంకె పగలు కూడా శ్వాస చాలడం లేదనడానికి సూచన కావచ్చు; అలాంటివారికి ముందు చికిత్స చేసి, తరువాతే ఆపరేషన్‌ పెట్టుకోవడం క్షేమం. అత్యవసరమైతే మాత్రం ఏ పరీక్ష కోసమూ ఆగకూడదు.

‘ఆగకుండా రెండు అంతస్తులు ఎక్కగలరా’ అని మేం అడిగినప్పుడు, ‘అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు పోయాను’ అని జవాబు చెప్పేవారున్నారు. అది ఏ ఏడాది సంగతో, మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నారో కూడా చెప్పండి. సుమారు 3,550 మెట్లు ఈ ఏడాది మామూలుగా ఎక్కగలిగిన మనిషి గుండె గురించి మాకు కొంత ధైర్యం ఉంటుంది. ఐదేళ్ళ కిందట ఎక్కిన మెట్లు ఇవాళ్టి సంగతిని చెప్పలేవు.

వెంట తేవలసినవి:

- నిద్ర పరీక్ష రిపోర్టు, పాత ఆపరేషన్ల కాగితాలు
- వాడుతున్న అన్ని మందులూ, నిద్రమాత్రలతో సహా, అట్టలతోనే
- మద్యం, పొగ అలవాటు గురించి దాపరికం లేని వివరం
- బరువు తగ్గడానికి లేక షుగరుకు సెమాగ్లూటైడ్‌, టిర్జెపటైడ్‌ ఇంజెక్షన్లు వాడుతుంటే ఆ సంగతి. ఇవి పొట్ట ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి కనుక మత్తు సమయంలో తిన్నది గొంతులోకి వచ్చే ముప్పు పెరుగుతుంది.

3. సీప్యాప్‌ మిషను ఉన్నవారు

ఈ మిషను ముక్కు మీది మాస్కు ద్వారా గాలిని కొద్ది ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. కొన్నవారిలో కొందరు నెల తిరక్కుండానే అటక మీద పెట్టేస్తారు. ఆపరేషన్‌ ఖాయమైతే ఆ రోజు నుంచే రాత్రులు మళ్ళీ వాడడం మొదలుపెట్టండి. మాస్కుకు అలవాటు పడని మనిషి, ఆపరేషన్‌ నొప్పిలో దాన్ని ఐదు నిమిషాలు కూడా ఉంచుకోలేడు.

- మిషను, మాస్కు, గొట్టం, కరెంటు తీగ అన్నీ ఆసుపత్రికి తీసుకురండి. వాటి మీద పేరు రాయండి.
- ఒత్తిడి ఎంతకు పెట్టారో చీటీ మీద రాసి, కేసు షీటుకు జత చేయమని సిస్టరుకు ఇవ్వండి.
- నీటి డబ్బా ఉంటే డిస్టిల్డ్‌ వాటర్‌ మాత్రమే పోయండి. బోరు నీళ్ళతో లోపల సున్నం పేరుకుంటుంది.
- మంచం దగ్గర ప్లగ్గు ఉందా, కరెంటు పోతే ఆ ప్లగ్గుకు జనరేటరు లైను వస్తుందా అని చేరిన రోజే అడగండి.
- తోడుండే మనిషి మాస్కు తొడగడం ఇంట్లోనే నేర్చుకోవాలి.

4. ఏ ఆసుపత్రి, ఏ రకం మత్తు

చిన్న నర్సింగ్‌హోంలో చేయించుకోవడం తప్పేమీ కాదు. అయితే జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, లేక ఆపరేషన్‌ పెద్దదై బలమైన నొప్పి మందులు తప్పనిసరి అయినప్పుడు, రాత్రంతా పల్స్‌ ఆక్సీమీటరు (రక్తంలో ఆక్సిజన్‌ శాతం చూపే వేలి క్లిప్పు) పెట్టి చూసే మనుషులూ, అవసరమైతే చేర్చుకునే ఐ.సి.యు.వూ ఉన్న చోటు కావాలి. తిరుపతిలో రుయా, స్విమ్స్‌ వంటి పెద్ద ఆసుపత్రులు ఉన్నాయి. చిత్తూరు వారికి వేలూరు సి.ఎం.సి. దగ్గర. ఎక్కడైనా సరే, అడగవలసిన ప్రశ్న ఒకటే: ‘‘రాత్రి ఈయన దగ్గర మానిటరు ఉంటుందా, అది మోగితే వినే మనిషి ఉంటారా?’’

వీలైన చోట నడుముకు ఇచ్చే స్పైనల్‌ మత్తు, లేక చేతికో కాలికో మాత్రమే నరం దగ్గర ఇచ్చే బ్లాకు మంచి ఎంపిక. మోకాలు, తుంటి, హెర్నియా, సిజేరియన్‌ ఆపరేషన్లకు ఇవి బాగా పనికొస్తాయి. గొంతును కదిలించనక్కరలేదు, తరువాతి నొప్పికి బలమైన మందుల అవసరమూ తగ్గుతుంది. కానీ ఇక్కడొక ఉచ్చు ఉంది. ‘నాకు భయం, నిద్రపుచ్చండి’ అని రోగి బతిమాలితే, స్పైనల్‌తో పాటు నరంలోకి నిద్రమందు ఎక్కిస్తే, గొంతు మూసుకుపోయే ముప్పు తిరిగి మొదటికొస్తుంది. కాపాడే గొట్టం గొంతులో లేకుండా గాఢంగా నిద్రపుచ్చడం కంటే, గొట్టం వేసి పూర్తి మత్తు ఇవ్వడమే కొన్నిసార్లు సురక్షితం.

చుక్కల మందుతో చేసే కంటి శుక్లం ఆపరేషన్‌కు ఇంత కంగారు అక్కర్లేదు. వెల్లకిలా పడుకుని ముఖం మీద గుడ్డ ఉంచుకోగలరో లేదో మాత్రం ముందుగా చెప్పండి.

5. ముందు రోజు, ఆ రోజు ఉదయం

- బరువైన భోజనం 8 గంటల ముందు ఆపాలి. సంకటి, మాంసం తిన్న రాత్రి పొట్ట త్వరగా ఖాళీ కాదు, తేలికగా తినండి.
- తేలికపాటి ఆహారం, పాలు 6 గంటల ముందు వరకే.
- మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. రాగి జావ, మజ్జిగ, పాల కాఫీ నీళ్ళ కింద లెక్క కావు. ఈ పొరపాటు వల్ల మా దగ్గర వాయిదా పడే కేసులు తక్కువేమీ కాదు.
- బీపీ, షుగరు మందుల్లో ఏది వేసుకోవాలో, ఏది మానాలో డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి.
- మద్యం, నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు. నిద్రమాత్రల అలవాటు పాతదైతే హఠాత్తుగా ఆపవద్దు, డాక్టరుకు చెప్పండి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన మాట ఒకటి చెప్పాలి. తిరుమలలో తలనీలాలు ఇచ్చే మొక్కుతో నెలల తరబడి గడ్డం పెంచేవారు ఎందరో ఉన్నారు. గుబురు గడ్డం మీద ఆక్సిజన్‌ మాస్కు ఒత్తుగా కూర్చోదు, పక్కల నుంచి గాలి పోతుంది. లావుపాటి మెడ, గురక ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. వ్యవధి ఉంటే ఆపరేషన్‌కు ముందే కొండకు వెళ్ళి మొక్కు తీర్చుకుని రండి. వీలు కాకపోతే మొక్కు సంగతి డాక్టరుతో చెప్పండి. గడ్డం మీద పలుచని ప్లాస్టిక్‌ పొర అంటించడం వంటి ఉపాయాలు మాకు ఉన్నాయి. థియేటరు గుమ్మంలో ఎవరో వచ్చి గీసేస్తే కలిగే బాధ అప్పుడు ఉండదు.

6. థియేటర్లో ఏ వరుసలో జరుగుతుంది

ఇది మా పని. అయినా వరుస తెలిస్తే మీకు భయం తగ్గుతుంది.

మొదట, థియేటరుకు పంపేటప్పుడు వార్డులో ఇచ్చే నిద్ర ఇంజెక్షన్‌ మానేస్తాం. తరువాత భుజాల కింద, తల కింద దుప్పట్ల మడతలు పేర్చి, చెవి రంధ్రమూ ఛాతీ ఎముక పైగుంటా ఒకే మట్టానికి వచ్చేలా పడుకోబెడతాం. ఈ ఎత్తు సరిగా కుదిరితే గొట్టం వేయడం సగం సులువైనట్టే. ఆ భంగిమలోనే కనీసం మూడు నిమిషాలు మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్‌ ఇస్తాం. స్థూలకాయుల్లో ఊపిరితిత్తుల్లోని నిల్వ త్వరగా అయిపోతుంది కాబట్టి ఆ మూడు నిమిషాలు తగ్గించుకోకూడదు. ఊపిరాడటం లేదనిపించినా మాస్కు తోసేయకుండా నిదానంగా పీల్చండి.

గొంతు లోపలి భాగాన్ని తెర మీద చూపే వీడియో లారింగోస్కోపు, వేర్వేరు సైజుల గొట్టాలు, గొంతు లోపల కూర్చునే మాస్కు ముందే బల్ల మీద సిద్ధంగా ఉంటాయి. త్వరగా దిగిపోయే మత్తుమందులు ఎంచుకుంటాం.

నా అనుభవంలో పొరపాట్లు ఎక్కువగా చివర్లోనే జరుగుతాయి. ఆపరేషన్‌ ముగిసి తరువాతి కేసు గుమ్మంలో ఉన్నప్పుడు గొట్టం తొందరగా తీసే ఒత్తిడి ఉంటుంది. కండరాలను సడలించిన మందు పూర్తిగా దిగిందని నరాన్ని ప్రేరేపించే పరికరంతో కొలిచి, విరుగుడు ఇచ్చి, వరుసగా నాలుగుసార్లు ప్రేరేపిస్తే మొదటి కదలికతో పోల్చి నాలుగో కదలిక నిష్పత్తి 0.9 చేరాక, మనిషి కళ్ళు తెరిచి చెప్పిన మాట విని తల ఎత్తాక, సగం కూర్చోబెట్టి గొట్టం తీయాలి. మత్తులో ఉండగానే తీయడం ఇలాంటి రోగుల్లో తగదు.

7. మొదటి రాత్రి

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక నర్సింగ్‌హోంలో హెర్నియా ఆపరేషన్‌ చక్కగా ముగిసిన ఒక రైతు రాత్రి గట్టిగా గురక పెడుతుంటే, పాపం అలసిపోయాడు, హాయిగా నిద్రపోతున్నాడని అందరం అనుకున్నాం. నొప్పి ఇంజెక్షన్‌ ఇచ్చి గంట కూడా కాలేదు. కాసేపటికి గురక ఆగింది. నిశ్శబ్దం కూడా మాకు నెమ్మదిగానే తోచింది. ఆయన కూతురు వచ్చి ‘‘నాయన పెదాలు నల్లబడినాయి సార్‌’’ అని చెప్పకపోతే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు. లేపి, దవడ ఎత్తి, ఆక్సిజన్‌ ఇచ్చి, విరుగుడు మందు వేస్తే తేరుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఇలాంటి రోగి తోడుకు ప్రతిసారీ కూర్చోబెట్టి నేర్పుతున్నాను.

పడక: తల వైపు 30 డిగ్రీలు ఎత్తండి, లేదా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వెల్లకిలా చదునుగా వద్దు. ఒక్క దిండు తల కింద పెట్టి మెడను ముందుకు వంచితే దారి ఇంకా మూసుకుంటుంది. నడుము నుంచి పైభాగమంతా లేవాలి.

మిషను: మెలకువ వచ్చి మాట వినగలిగే స్థితికి రాగానే సీప్యాప్‌ తొడగాలి. పగటి నిద్రలో కూడా వాడాలి. వాంతి వస్తుంటే మాత్రం తీసేసి సిస్టరును పిలవండి.

మానిటరు: వేలి క్లిప్పు నిద్రపోతున్నంతసేపూ ఉండాలి. ఇక్కడ చాలామందిని మోసపుచ్చే సంగతి ఒకటుంది. ముక్కుకు ఆక్సిజన్‌ పెట్టి ఉన్నప్పుడు, శ్వాస ప్రమాదకరంగా తగ్గిపోయినా క్లిప్పు 97, 98 చూపిస్తూనే ఉండవచ్చు, లోపల కార్బన్‌ డయాక్సైడ్‌ మాత్రం పేరుకుంటూ ఉంటుంది. అందుకని అంకెను ఒక్కదాన్నే నమ్మకుండా ఛాతీ లేచి పడడాన్ని గడియారం చూసి నిమిషం పాటు లెక్కపెట్టండి.

వెంటనే సిస్టరును పిలవవలసిన గుర్తులు:

- నిమిషానికి శ్వాస 10 కంటే తక్కువ
- 10 సెకన్లకు పైగా ఆగడం మళ్ళీ మళ్ళీ కనిపించడం
- క్లిప్పు అంకె 90 కంటే తగ్గడం
- పిలిచినా తట్టినా సరిగా లేవకపోవడం
- ఛాతీ కదులుతున్నా గాలి శబ్దం లేకపోవడం
- పెదాలు, గోళ్ళు నీలిరంగుకు తిరగడం

వారు వచ్చేలోపు పేరు పెట్టి గట్టిగా పిలవండి, భుజం తట్టండి, గడ్డాన్ని పైకెత్తండి. నోట్లో నీళ్ళు పోయవద్దు.

రికవరీ గది నుంచి వార్డుకు పంపే ముందు, ఎవరూ కదిలించకుండా, మాట్లాడించకుండా, నిద్రలోకి జారనిచ్చి, ఆక్సిజన్‌ లేకుండా అంకె నిలుస్తుందో లేదో చూస్తారు. చుట్టాలు చుట్టూ చేరి పలకరిస్తుంటే ఈ పరీక్ష తప్పుగా బాగున్నట్టు చూపిస్తుంది. ఆ అరగంట పలకరింపులు ఆపండి.

8. నొప్పి మందుల విషయం

నొప్పిని భరించమని నేను చెప్పడం లేదు. నొప్పితో ఊపిరి బిగబట్టినా ఊపిరితిత్తులకు చేటే. వేర్వేరు దారుల్లో తగ్గించాలి: సర్జను గాయం దగ్గర ఇచ్చే తిమ్మిరి మందు, నరం బ్లాకు, వేళ తప్పకుండా పారాసిటమాల్‌, కిడ్నీ, అల్సరు బాధలు లేనివారికి డైక్లోఫెనాక్‌ వంటివి. వీటి తరువాతే, తప్పనిసరైతే, తక్కువ మోతాదులో ట్రమడాల్‌, ఫెంటనిల్‌, మార్ఫిన్‌.

డిస్చార్జి చీటీలో పారాసిటమాల్‌తో ట్రమడాల్‌ కలిపిన బిళ్ళ తరచుగా కనిపిస్తుంది. పేరు మామూలు నొప్పి బిళ్ళలాగే ఉంటుంది. అట్ట వెనక ఏయే మందులున్నాయో చదివించండి. ట్రమడాల్‌ ఉంటే ‘మా మనిషికి శ్వాస ఆగే జబ్బుంది, ఇది ఇవ్వవచ్చా?’ అని అడగండి. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అల్ప్రజోలం, దగ్గుకని కోడీన్‌ కలిసిన సిరప్పు కొనడం ఈ రోజుల్లో అసలే కూడదు.

9. పిల్లల టాన్సిల్స్‌ ఆపరేషన్‌

పిల్లల్లో ఈ జబ్బుకు సాధారణ కారణం పెరిగిన టాన్సిల్స్‌, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్‌. నోరు తెరుచుకుని నిద్రపోవడం, మెడ వెనక్కి విరిచి పడుకోవడం, మానిన పక్క తడిపే అలవాటు తిరిగి రావడం గమనించి చెప్పండి. టాన్సిల్స్‌, ఎడినాయిడ్స్‌ తీసేసినా ఆ రాత్రే గొంతు వాపు వల్ల శ్వాస ఇబ్బంది పెరగవచ్చు. మూడేళ్ళ లోపు పిల్లలనూ, జబ్బు తీవ్రంగా ఉన్నవారినీ ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచాలి. టాన్సిల్స్‌ తీసిన పిల్లలకు కోడీన్‌, ట్రమడాల్‌ ఇవ్వకూడదు. జలుబు, జ్వరం ఉంటే దాచకుండా చెప్పి వాయిదా వేయించుకోండి.

10. ఇంటికి వెళ్ళాక మొదటి వారం

మొదటి రాత్రి గడిచింది కదా అని జాగ్రత్తలు వదిలేయడం తరచుగా చూసే పొరపాటు. ఆపరేషన్‌ తరువాతి ఒకటి రెండు రాత్రులు నొప్పి, మందుల వల్ల కలల నిద్ర దాదాపు రాదు. మూడు నాలుగు రాత్రులకు ఆ బాకీ తీర్చుకున్నట్టు అది ఎక్కువగా వస్తుంది. ఆ దశలోనే గొంతు కండరాలు అన్నిటికంటే వదులుగా ఉంటాయి. అందుకని కనీసం వారం రోజులు ఇవి పాటించండి:

- ఎత్తు పడక లేక పక్కకు తిరిగి పడుకోవడం. గోడవైపు దిండు ఆనించి వెల్లకిలా దొర్లకుండా చూడడం
- ప్రతి రాత్రీ మిషను
- అదే గదిలో ఒక మనిషి పడక
- మద్యం, డాక్టరు చెప్పని నిద్రమాత్రలు పూర్తిగా దూరం
- బలమైన నొప్పి మందు ఉంటే రాత్రి పడుకునే ముందు వేయకుండా, వేళ మార్చమని డాక్టరును అడగడం

అనుమానంతోనే ఆపరేషన్‌ చేయించుకున్నవారు గాయం మానాక నిద్ర పరీక్ష చేయించుకోవాలి. గొట్టం వేయడం కష్టమైందని మత్తు డాక్టరు చెబితే, ఆ మాట కాగితం మీద రాయించుకుని ఆధార్‌ కార్డుతో పాటు పర్సులో ఉంచండి. మరోసారి మరో ఊళ్ళో అత్యవసరంగా ఆపరేషన్‌ పడితే అక్కడి డాక్టరుకు అది ఎంతో అక్కరకొస్తుంది.

ఇంట్లో మనిషి లేపినా లేవకపోతే, లేక పెదాలు నల్లబడితే, పక్కకు తిప్పి గడ్డం పైకెత్తి పట్టుకుని 108కు ఫోను చేయండి. ఏ మందు ఎన్ని గంటలకు వేశారో అంబులెన్సు వారికి చెప్పి, అట్ట వారి చేతికివ్వండి.